తెలుగు మాధ్యమాల్లో స్త్రీ చిత్రణ – మూస పాత్రలు

నిర్వచనం, పరిభాష

పత్రికలు, సినిమా, రేడియో, టెలివిజన్, వాణిజ్య ప్రకటనలు, అంతర్జాల వేదికలు స్త్రీలను ఏ పాత్రల్లో, ఏ రూపంలో, ఏ భాషలో చూపుతున్నాయో పరిశీలించే అధ్యయన రంగాన్ని మాధ్యమాల్లో స్త్రీ చిత్రణ అని వ్యవహరిస్తారు. ఒక వర్గానికి చెందిన వారందరికీ ఒకే స్వభావం, ఒకే పని, ఒకే స్థానం అంటగట్టే స్థిరమైన ఊహను మూస అంటారు. లోహాన్ని కరిగించి పోతపోసే సాధనం పేరే ఈ అర్థంలో స్థిరపడింది. ఇంగ్లీషు నుంచి వచ్చిన స్టీరియోటైప్ అనే మాటకూ మూలం అచ్చుకూటమే. పేర్చిన అక్షరాల నుంచి పోతపోసి, పదేపదే ముద్రించడానికి వాడే ఒకే పలకకు ఆ పేరు ఉండేది. అమెరికన్ పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లో వెలువరించిన ‘పబ్లిక్ ఒపీనియన్’ గ్రంథంలో దాన్ని మనుషుల మనసుల్లోని ముందస్తు చిత్రాలకు అన్వయించాడు.

మూస చిత్రణ, అశ్లీల చిత్రణ ఒకటి కావు. నిండుగా చీర కట్టుకుని, తల వంచుకుని, ఇంటిల్లిపాది తిన్నాక తినే ఇల్లాలి బొమ్మలో అశ్లీలమేమీ లేకపోయినా అది మూసే అవుతుంది. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లనే ఈ విషయంపై జరిగిన చర్చల్లో చాలా భాగం దుస్తుల కొలతల దగ్గర ఆగిపోయింది.

సిద్ధాంతాలు

ఈ రంగంలో తరచు ప్రస్తావనకు వచ్చే భావనలు 1970ల దశాబ్దంలో రూపుదిద్దుకున్నాయి. ఒక వర్గాన్ని అసలు చూపకపోవడం, చూపినా అల్పంగా చూపడం అనే ప్రక్రియకు జార్జ్ గెర్బ్‌నర్ ‘ప్రతీకాత్మక నిర్మూలన’ అని పేరు పెట్టగా, గే టక్‌మన్ 1978లో దాన్ని ప్రత్యేకించి స్త్రీలకు వర్తింపజేసింది. సినిమాలో కెమెరా, కథలోని పురుషుడు, ప్రేక్షకుడు ముగ్గురూ ఒకే చూపుతో స్త్రీ శరీరాన్ని చూస్తారన్న ‘పురుష దృష్టి’ వాదాన్ని లారా మల్వీ 1975లో ప్రతిపాదించింది. ప్రకటనల ఛాయాచిత్రాల్లో పురుషుడు నిటారుగా నిలబడి వస్తువును గట్టిగా పట్టుకుంటే, స్త్రీ ఒరిగి నిలబడి దాన్ని వేళ్లతో తాకుతున్నట్టు కనిపిస్తుందని, ఇలాంటి చిన్న భంగిమల్లోనే అంతరం స్థిరపడుతుందని ఎర్వింగ్ గాఫ్‌మన్ చూపించాడు. వీరి పరిశీలనలకు ఆధారం అమెరికా, హాలీవుడ్ చిత్రాలు కాబట్టి వాటిని తెలుగు మాధ్యమాలకు అన్వయించేటప్పుడు ఉమ్మడి కుటుంబం, కులం, భాష అనే మూడు అంశాలను అదనంగా చేర్చుకోవలసి ఉంటుంది.

ముద్రణ మాధ్యమం

తెలుగులో స్త్రీల కోసం పత్రిక అనే ఆలోచన సంస్కరణోద్యమంతో మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1883లో ప్రారంభించిన ‘సతీహితబోధిని’ పేరే ఆనాటి దృక్పథాన్ని చెబుతుంది: బోధించేది పురుషుడు, వినేది సతి. 1902లో వెలువడిన ‘హిందూ సుందరి’తో స్త్రీలు రచయిత్రులుగా, సంపాదకులుగా ముందుకు వచ్చారు. భండారు అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ అదే సంవత్సరం అందులో అచ్చయింది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో నెలకొల్పిన ‘గృహలక్ష్మి’ మాసపత్రిక రచయిత్రులకు స్వర్ణకంకణంతో సత్కారం చేసింది; ఆయన సంస్థ తయారుచేసిన ‘లోధ్ర’ అనే స్త్రీల ఔషధానికీ ప్రచారం కల్పించింది. స్త్రీని పాఠకురాలిగా గుర్తించడం, కొనుగోలుదారుగా గుర్తించడం తెలుగులో ఇంచుమించు కలిసే నడిచాయని చెప్పవచ్చు.

స్వాతంత్ర్యానంతరం వారపత్రికల ధారావాహికలు మరొక నమూనాను తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల నవలల్లో ఉద్యోగం చేసుకునే, ఆత్మాభిమానం గల నాయిక కనిపించింది. అయితే ఆమె అభిమానం చివరకు గెలుచుకునేది తరచుగా కారు, బంగళా ఉన్న నాయకుణ్ణే. ఈ నవలలను పలాయనవాదమని కొట్టిపారేసిన విమర్శకులున్నారు. మధ్యతరగతి ఆడపిల్లలకు చదివే అలవాటును, తమకంటూ ఒక కోరిక ఉండవచ్చనే ఊహను ఇచ్చాయని సమర్థించిన వారూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే.

వ్యంగ్యచిత్రాల్లో భార్య చేతికి అప్పడాల కర్ర శాశ్వతాభరణమైంది. దానికి ఎదురుగా, చిత్రకారుడు బాపు గీసిన, వాలుజడ, పెద్ద కళ్లు, సన్నని నడుము గల స్త్రీరూపం ‘బాపు బొమ్మ’ అనే నుడికారంగా మారి అందమైన తెలుగమ్మాయికి కొలబద్ద అయింది. ఒకే పత్రికలో కొన్ని పుటల తేడాతో ఈ రెండు బొమ్మలూ కనిపించేవి: పెళ్లికి ముందు బాపు బొమ్మ, తరువాత అప్పడాల కర్ర. పురుషుల ఆధిక్యం ఉన్న ఈ రంగంలో విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి తొలి తెలుగు మహిళా కార్టూనిస్టుగా గుర్తింపు పొందింది. స్త్రీవాద దృక్పథంతో 1993 నుంచి హైదరాబాదులో వెలువడిన ‘భూమిక’ మూసను సూటిగా చర్చకు పెట్టిన పత్రిక.

సినిమా

తెలుగు టాకీల తొలి దశాబ్దంలో ‘సతీ అనసూయ’ (1936), ‘సతీ తులసి’ (1936) వంటి పౌరాణిక పతివ్రతల కథలు, సంస్కరణ కథలు పక్కపక్కనే సాగాయి. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938) కులాంతర ప్రేమను, భానుమతి తొలి చిత్రం ‘వరవిక్రయం’ (1939) కట్నాన్ని, బి.ఎన్. రెడ్డి ‘సుమంగళి’ (1940) వితంతు వివాహాన్ని తీసుకున్నాయి. ఈ చిత్రాల్లో స్త్రీ ప్రధానంగా సంస్కర్త దయకు పాత్రురాలైనా, ఆమె సమస్యే కథకు కేంద్రంగా ఉండేది. తరువాతి దశాబ్దాల వాణిజ్య చిత్రాల్లో ఆ కేంద్రం క్రమంగా కథానాయకుడి వైపు జరిగింది.

1950–60ల నాటి కుటుంబ కథాచిత్రం రెండు పాత్రలను గట్టిగా స్థిరపరచింది: సహనశీలి, గయ్యాళి. ‘గుండమ్మ కథ’ (1962) ఇందుకు మంచి ఉదాహరణ. గుండమ్మ సవతి కూతురు లక్ష్మి ఇంటి చాకిరీ అంతా నోరెత్తకుండా చేస్తుంది కనుక ఆమెకు మంచి భర్త దొరుకుతాడు. గారాబంగా పెరిగిన సొంత కూతురు సరోజకు భర్త కష్టం రుచి చూపించి పొగరు దించుతాడు. గుండమ్మ నోటిని అంతకంటె పెద్ద నోరున్న మరొక స్త్రీ చేత మూయిస్తారు. అయినా ఇద్దరు అగ్ర కథానాయకులు నటించిన చిత్రానికి గయ్యాళి పేరే పెట్టడం, ఆ పాత్రను సూర్యకాంతం తిరుగులేని హాస్యస్ఫూర్తితో నిలబెట్టడం గమనించదగినవి. పాత్ర ప్రభావం ఎంతటిదంటే, ఆడపిల్లలకు సూర్యకాంతం అనే పేరు పెట్టడానికి జనం వెనకాడారని తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు. నటి స్వతహాగా సౌమ్యురాలన్న సంగతి ఆ పేరును కాపాడలేకపోయింది.

1970–80లలో నాయికకు, క్లబ్బు నర్తకికి మధ్య పని విభజన ఉండేది. శృంగార ప్రదర్శన జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత వంటి వారికి అప్పగించి నాయిక పవిత్రతను కాపాడేవారు. 1990ల నాటికి ఆ బాధ్యత కూడా నాయికే మోయవలసి వచ్చి క్లబ్బు నర్తకి పాత్ర దాదాపు కనుమరుగైంది. తరువాత ‘ఐటెం సాంగ్’ పేరుతో అగ్రతారల చేతనే తిరిగి వచ్చింది. ఇదే కాలంలో పొగరుబోతు అత్తను అల్లుడు లొంగదీసే కథ ఒక ప్రత్యేక శాఖగా విస్తరించింది. 1989 నాటి ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’ చిత్రంలో కథా సూత్రం పేరులోనే ఉంది. ఆస్తి, అధికారం, మాట చెల్లుబాటు ఉన్న స్త్రీ ఈ చిత్రాల్లో శిక్షార్హురాలు.

దీనికి భిన్నమైన ధోరణిని టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985), విజయశాంతికి 1990 సంవత్సరపు జాతీయ ఉత్తమనటి పురస్కారం తెచ్చిన ‘కర్తవ్యం’, దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మ’ (1997) సూచిస్తాయి. వీటిలో స్త్రీ ఆయుధం పడుతుంది. అయితే ‘ప్రతిఘటన’లోనూ ‘రాములమ్మ’లోనూ ఆమె తిరగబడటానికి ముందు ఆమె శరీరంపై దాడి జరిగి తీరుతుంది, కథానాయకుడికి అన్యాయాన్ని చూస్తే చాలు, కథానాయిక దాన్ని అనుభవించాలి. 2017లో విడుదలైన ‘అర్జున్ రెడ్డి’లో నాయకుడు అనుమతి అడగకుండా ముద్దు పెట్టుకోవడం, నాయిక చాలాసేపు మౌనంగా ఉండిపోవడం విస్తృతమైన వాదోపవాదాలకు దారి తీశాయి. హైదరాబాదులో ఒక రాజకీయ నాయకుడు బస్సు మీది పోస్టరును చింపివేసిన ఘటనలో అభ్యంతరం పోస్టరుపై ఉన్న ముద్దుకే పరిమితమైంది, అనుమతి ప్రశ్నకు కాదు.

*గొంతు.* తెలుగు సినిమాలో మూసకు దృశ్యమే కాక శబ్దం కూడా ఆధారం. నాయికలు పెద్ద సంఖ్యలో ఇతర భాషా ప్రాంతాల నుంచి రావడంతో వారికి వేరొకరు గొంతు అరువివ్వడం సాధారణమైంది. గాయని సునీత అనేకమంది నాయికలకు డబ్బింగ్ చెప్పింది. ‘ఏ మాయ చేసావే’ (2010) నుంచి సమంత తొలి చిత్రాలకు చిన్మయి గొంతునిచ్చింది. కొద్దిమంది కళాకారిణుల స్వరమే వేర్వేరు ముఖాల నుంచి వినిపించడంతో కథానాయిక మాట తీరు ఒకే మూసలో పడింది. మాండలికం కూడా ఇలాగే పంపిణీ అయింది. తెలంగాణ పలుకుబడి చాలాకాలం పనిమనిషికో హాస్యపాత్రకో దక్కేది. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి భానుమతి పాత్రకు సాయిపల్లవి స్వయంగా తెలంగాణ యాసలో మాట్లాడటం అందుకే విశేషమైంది.

కెమెరా వెనుక స్త్రీల సంఖ్య మొదటి నుంచీ తక్కువ. భానుమతి ‘చండీరాణి’ (1953)తోను, సావిత్రి ‘చిన్నారి పాపలు’ (1968)తోను దర్శకత్వం చేపట్టారు. నలభైకి పైగా చిత్రాలు తీసిన విజయనిర్మల పేరు గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కింది. ఇటీవలి వారిలో ‘అలా మొదలైంది’ (2011), ‘ఓ బేబీ’ (2019) చిత్రాల నందినీరెడ్డి ప్రముఖురాలు.

టెలివిజన్ ధారావాహికలు

హైదరాబాదు దూరదర్శన్ 1977లోను, తెలుగు ప్రైవేటు ఛానళ్లు 1995లోను ప్రసారాలు ప్రారంభించాయి. మంజులానాయుడు దర్శకత్వంలో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఋతురాగాలు’తో రోజువారీ ధారావాహిక తెలుగు ఇళ్లలో అలవాటుగా మారింది.

సీరియల్ కథ ఇంటి గడప దాటకపోవడానికి భావజాలమే కాక ఖర్చు కూడా కారణం. వారానికి అయిదారు భాగాలు అందించాలంటే ఒకే భవనంలో, ఉన్న నటీనటులతో, చకచకా చిత్రీకరించుకోవాలి. హాలు, మెట్లు, వంటగది, పూజగది దాటి బయటికి వెళ్తే వ్యయం పెరుగుతుంది. ప్రతి వారం వెలువడే ప్రేక్షకాదరణ రేటింగును బట్టి కథ మలుపులు తిరుగుతుంది. ప్రకటనకర్తల్లో సబ్బులు, మసాలాలు, దుస్తుల సంస్థలు ముఖ్యమైనవి కావడంతో ఇల్లాలే లక్షిత ప్రేక్షకురాలు. 1930లలో అమెరికన్ రేడియోలో సబ్బుల కంపెనీలు పోషించిన నాటకాలకు ‘సోప్ ఒపెరా’ అనే పేరు వచ్చిందీ ఈ కారణంగానే.

మలయాళ ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపమైన ‘కార్తీకదీపం’ (స్టార్ మా, 2017–2023) ఈ ప్రక్రియను దగ్గరగా చూడటానికి వీలిస్తుంది. నల్లని ఛాయ కలిగినందుకు అవమానాలు పడే దీప, ప్రేమించి పెళ్లాడిన గుండె వైద్యుడు కార్తీక్, వారి మధ్య చిచ్చు పెట్టే మోనిత ఇందులో ప్రధాన పాత్రలు. రంగు వివక్షను ఖండించడమే కథ ఉద్దేశం. కాని దీప పాత్రధారి ప్రేమీ విశ్వనాథ్ సహజ ఛాయను మేకప్‌తో నల్లగా మార్చి చూపించారు. అంటే నల్లని స్త్రీ కథలో సైతం నల్లని నటికి చోటు తప్పనిసరి కాలేదు. భార్య శీలాన్ని వైద్యుడైన భర్త శంకించగా, ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే విషయం ఏళ్ల తరబడి సాగింది. ఆ పరీక్ష గురించి ప్రేక్షకులు హాస్యోక్తులు కట్టుకున్నారు. మరొక వైపు, భర్త అండ లేకుండా వంట చేసి పిల్లను సాకిన దీపను ప్రేక్షకులు ‘వంటలక్క’ అని సొంత మనిషిలా పిలుచుకున్నారు. అనుమానించినవాడి కోసం నిరీక్షించడం ఆమెను మూసలో నిలిపింది. తన కాళ్ల మీద తాను నిలబడటం ఆమెను జనానికి చేరువ చేసింది. సీరియల్ ఆదరణలో రెండింటికీ పాత్ర ఉంది. (చూ. ప్రభావం)

వాణిజ్య ప్రకటనలు

హిందుస్థాన్ లీవర్ 1975లో విపణిలోకి తెచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ ప్రకటనలు తెలుపుకు, ఉద్యోగానికి, పెళ్లికి ముడిపెట్టాయి. మహిళా సంఘాల ఫిర్యాదులు, 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి విధించిన నియమాల తరువాత ఈ ధోరణి పలుచబడి, 2020లో ఆ క్రీము పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. పేరు మారినా పెట్టెపై ఉన్న ముఖం నల్లబడలేదు. బట్టలు ఉతకడం భార్యాభర్తలిద్దరి పని అని 2015లో ఏరియల్ చేపట్టిన ప్రచారం వంటివి మార్పుకు సూచనలే. అయితే పండగలకూ పెళ్లిళ్లకూ తెలుగు ఛానళ్లను నింపే నగల, పట్టుచీరల ప్రకటనల్లో స్త్రీ ఇంకా ప్రధానంగా పెళ్లికూతురే.

వార్తలు, వార్తాభాష

1995లో మొదలై ఐదేళ్లకొకసారి జరిగే ప్రపంచ మాధ్యమ పరిశీలన ప్రకారం, వార్తల్లో కనిపించిన, వినిపించిన వ్యక్తుల్లో స్త్రీలు ఆ ఏడు 17 శాతం కాగా 2020లో 25 శాతం. తెలుగులో ఈ లెక్కకు అందని మరో పొర ఉంది, అది వ్యాకరణం.

తెలుగు ఏకవచన క్రియలో స్త్రీకి ప్రత్యేక రూపం లేదు. ‘వచ్చాడు’ పురుషుడికి మాత్రమే చెల్లుతుంది. ‘వచ్చింది’ స్త్రీకి, ఆవుకు, బస్సుకు సమానంగా చెల్లుతుంది. స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడ పదార్థాలను మినహాయించి మిగిలిన వాటిని ‘మహత్తు’లుగా చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వర్గీకరించింది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలిసి ‘వచ్చారు’ అవుతారు. ఈ బహువచనాన్నే గౌరవార్థకంగా వాడటం వల్ల, ఎవరికి ‘అన్నారు’ వాడాలి, ఎవరికి ‘అంది’ వాడాలి అన్నది ప్రతి వార్తలోనూ ఉపసంపాదకుడు తీసుకునే నిర్ణయమవుతుంది. మహిళా మంత్రి ‘అన్నారు’. సినీ నటి తరచుగా ‘చెప్పింది’. అదే పుటలోని కథానాయకుడు ‘చెప్పారు’. నేరవార్తలో సామాన్యుడు ‘చేశాడు’ అయినా మహద్రూపం పోగొట్టుకోడు. వ్యాకరణం ఎవరూ కుట్రపన్ని రాసింది కాదు, కాని గౌరవ బహువచనాన్ని ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం పత్రిక చేతిలో ఉన్న పనే.

పదజాలంలోనూ ఇదే కనిపిస్తుంది. లైంగిక దాడికి చిరకాలం వాడిన ‘మానభంగం’ అనే మాట నష్టపోయింది ఆమె మానమని, అంటే దోషం ఆమెకే అంటిందని సూచిస్తుంది; ఇప్పుడు ఎక్కువగా ‘అత్యాచారం’ వాడుతున్నారు. నిరాకరించిన యువతిపై దాడి చేసినవాడికి పత్రికలు పెట్టిన ‘ప్రేమోన్మాది’ అనే పేరు హింసకు ప్రేమ మూలమన్నట్టు చెబుతుంది. 2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో పశువైద్యురాలిపై జరిగిన ఘాతుకంలో, బాధితురాలి గుర్తింపును వెల్లడించరాదని చట్టం చెబుతున్నా పేరు, ఫొటో ముందు వ్యాపించాయి. ‘దిశ’ అనే మారుపేరు ఆ తరువాత వచ్చింది.

స్త్రీలు గుంపుగా కదిలినప్పుడు పత్రికలు వారి పక్షాన నిలిచిన సందర్భమూ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమానికి ‘ఈనాడు’ ప్రత్యేకంగా పుట కేటాయించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం అమలుకు వచ్చింది. కాగా కథనాల్లో ఎక్కువగా కనిపించింది తాగుబోతు భర్త చేత దెబ్బలు తిన్న ఇల్లాలు. సారా వేలంపాటలను స్తంభింపజేసిన రాజకీయ శక్తిగా, కూలిడబ్బు లెక్క అడిగిన శ్రామికురాలిగా ఆమె తక్కువగా కనిపించింది.

అంతర్జాలం

యూట్యూబ్ పాత మూసకు కొత్త దారులు తెరిచింది. నటీమణుల దుస్తులపై, విడాకులపై రెచ్చగొట్టే శీర్షికలు పెట్టే ఛానళ్లు కోకొల్లలు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశవ్యాప్త చర్చకు కారణమైంది. అదే వేదికపై సినిమా ఎన్నడూ ప్రధాన పాత్ర ఇవ్వని ముఖాలు కూడా వెలుగులోకి వచ్చాయి: వందేళ్లు దాటిన వయసులో వంటలతో ప్రసిద్ధి చెందిన గుడివాడ మస్తానమ్మ, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’లో నటించిన గంగవ్వ.

ప్రభావం

ఎక్కువకాలం టెలివిజన్ చూసేవారు తెరమీది లోకాన్నే వాస్తవ లోకంగా భావిస్తారని గెర్బ్‌నర్ సిద్ధాంతం చెబుతుంది. భారతీయ పరిశోధన మరింత చిక్కైన చిత్రాన్ని ఇస్తుంది. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కేబుల్ టీవీ వచ్చిన గ్రామాల్లో భార్యను కొట్టడాన్ని సమర్థించే ధోరణి, కొడుకే కావాలనే కోరిక తగ్గినట్టు, స్త్రీల నిర్ణయాధికారం పెరిగినట్టు తేలింది. పట్టణ స్త్రీని చూడటమే ఒక వెసులుబాటు కావచ్చు. అయితే కేబుల్ ఇంటింటికీ చేరి రెండు దశాబ్దాలు దాటాక జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణంతో భర్త భార్యను కొట్టడం సమంజసమేనని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను సుమారు 84 శాతం ఉన్నారు. దీన్ని మాధ్యమాల ఖాతాలో మాత్రమే వేయడానికి ఆధారం లేదు; మాధ్యమాలు దీన్ని తగ్గించాయనడానికీ ఈ అంకె ఒప్పుకోదు.

ప్రత్యామ్నాయ మాధ్యమాలు

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో ప్రారంభమైన సంఘం రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. విత్తనాలు, పంటలు, పాటలు, ఊరి సంగతులు వారి మాటతీరులోనే ప్రసారమవుతాయి. చిత్తూరు జిల్లాలో గ్రామీణ మహిళలు విలేకరులుగా వెలువరించిన ‘నవోదయం’ పత్రిక కూడా ఈ కోవలోనిదే.

చట్టాలు, నియమావళి

1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం ప్రధానంగా శరీర ప్రదర్శనకు సంబంధించింది. తొలి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా ఇందులో ఉన్నాయి. ప్రకటనల ప్రమాణాల మండలి 2022లో లింగ మూసలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. న్యాయస్థానాల భాషలో చొరబడే మూసలపై సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఒక కరదీపిక వెలువరించింది.

మూసను నేరుగా పేర్కొన్న పాత నిబంధన 1994 కేబుల్ టెలివిజన్ నియమాల్లో ఉంది. స్త్రీలో లొంగుబాటును, అణకువను నొక్కిచెబుతూ కుటుంబంలోను సమాజంలోను ఆమెను రెండో స్థానంలో ఉండమని ప్రోత్సహించే ప్రకటనలను అది నిషేధిస్తుంది. కార్యక్రమాలకు వర్తించే నియమావళిలో మాత్రం ఈ నిషేధం లేదు. స్త్రీలను గాంభీర్యం, నైతికత, శీలనిర్మాణం గల నాయకత్వ పాత్రల్లో చూపడానికి కృషి చేయాలని అందులో ఉంది. ముప్పై సెకన్ల సబ్బు ప్రకటనను కట్టడి చేసే ఆ నిబంధన, దానికి ముందూ వెనుకా నడిచే అరగంట సీరియల్‌కు వర్తించదు.